ఖైరాతు వేరు, ఇన్సాఫు వేరు

మన సభలలో సేవ అనే మాట వినిపించినంత తరచుగా న్యాయం అనే మాట వినిపించదు. రంజాన్ మాసం వచ్చినదంటే దుస్తుల పంపిణీ, చలికాలం వచ్చినదంటే దుప్పట్ల పంపిణీ, కళాశాలలు తెరచినారంటే నోటుపుస్తకాల పంపిణీ మన ఊళ్లలో యథావిధిగా జరుగుతూనే ఉంటాయి. ఈ పనులు చేసే పెద్దలను తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. జకాత్ ఇవ్వడం మనకు విధి. ఇచ్చే చేయి ఆగిపోయిన సమాజంలో బ్రతుకు దుర్భరమౌతుంది. అయితే ఏటేటా అదే ఇంటికి అదే దుప్పటి ఎందుకు మోసుకొని పోవలసి వస్తున్నదని మాత్రం మనం అరుదుగా ప్రశ్నించుకొంటాము. ఆ ఇంటి యజమాని తెల్లవారుజామున లేచి చీకటి పడేవరకు పనిచేస్తున్నాడు. అయినా ఒక దుప్పటి కొనుక్కొనే స్తోమత అతనికి లేదు. అతని దారిద్ర్యానికి కారణం సోమరితనం కాదని, అతనికి ముట్టే కూలి అని తెలిసిన తరువాత కూడ మనం దుప్పటి వద్దనే ఆగిపోదామా?

ఈ ప్రశ్న దగ్గర ఆగక ముందుకు నడిచినవారు కొందరున్నారు. వారు చర్చిలలో, మసీదులలో, యూదుల ప్రార్థనాలయాలలో ప్రార్థన చేసుకొనే సామాన్యులు. దేవుని ఎదుట తలవంచినవారు అన్యాయం ఎదుట తలవంచనక్కర లేదని గ్రహించి, అమెరికాలోను బ్రిటన్‌లోను సంఘాలు కట్టుకొన్నారు. ఆ సంఘాల చరిత్రకంటె వాటి వెనుకనున్న మనుషుల రీతిని మా విద్యార్థినీ విద్యార్థులకు పరిచయం చేయాలని ఈ వ్యాసం తలపెట్టినాము.

ముందుగా బాల్టిమోర్ నగరం సంగతి. అక్కడ 1977లో ‘బిల్డ్’ అనే సంఘం ఏర్పడింది. నగరంలోని చర్చిలు, ముఖ్యంగా నల్లజాతివారి చర్చిలు, దానికి పునాది. 1990 దశకం తొలినాళ్లలో ఆ చర్చిల పెద్దలు ఒక విషయం గమనించినారు. తాము నడుపుతున్న ఉచిత భోజనశాలలకు వచ్చేవారిలో పని దొరకనివారే గాక, ఉద్యోగం చేసుకొంటున్నవారు కూడ ఉన్నారు. పగలంతా ఒళ్లు వంచి పనిచేసినవారు సాయంకాలానికి అన్నం కొరకు చర్చి వాకిట వరుసలో నిలబడుతున్నారు. పెద్దల ముందు అప్పుడు రెండు దారులున్నవి. మరికొన్ని వంటపాత్రలు కొని, మరొక భోజనశాల తెరవడం మొదటిది. పనిచేసే మనిషి బిచ్చమెత్తుకొనేంత తక్కువ కూలి ఎందుకిస్తున్నారని అడగడం రెండవది. వారు రెండవ దారిన నడిచినారు. కార్మిక సంఘంతో చేతులు కలిపి నగర పాలకులను నిలదీసినారు. ఫలితంగా 1994లో బాల్టిమోర్ నగరం ఒక శాసనం చేసింది. నగరం తరఫున కాంట్రాక్టు పనులు చేసే కార్మికులకు చట్టం నిర్ణయించిన కనీస వేతనంకంటె ఎక్కువగా, కుటుంబం గడవడానికి తగిన వేతనం ఇవ్వాలన్నది దాని సారాంశం. దేశంలో కనీస వేతనం నాడు గంటకు 4 డాలర్ల 25 సెంట్లు. ఈ శాసనం 6 డాలర్ల 10 సెంట్లతో ఆరంభమైనది. ‘జీవన వేతనం’ అనే మాట అక్కడినుండి అనేక నగరాలకు ప్రాకినది.

ఈ తరహా సంఘాలకు మూలం వెదకితే మనం షికాగో నగరానికి, 1939వ సంవత్సరానికి వెళ్లవలసి ఉంటుంది. అక్కడి పశువధశాలల వెనుకనున్న పేటలో పోలండు, లిథువేనియా, ఐర్లండు మున్నగు దేశాలనుండి వలసవచ్చిన కూలీలు నివసించేవారు. అప్టన్ సింక్లేర్ 1906లో ప్రచురించిన ‘ది జంగిల్’ నవలలో వర్ణించినది ఈ పేట బ్రతుకునే. అందరూ క్రైస్తవులే అయినా, ఒక్కొక్క జాతికి ఒక్కొక్క చర్చి. ఒకరి గడప ఒకరు తొక్కేవారు కారు. సాల్ అలిన్‌స్కీ అనే యువకుడు, జోసెఫ్ మీగన్ అనే స్థానికునితో కలిసి, ఆ చర్చిలను, కార్మిక సంఘాన్ని, చిన్న వర్తకులను ఒకే వేదికమీదికి తెచ్చినాడు. కాథలిక్ బిషప్ బెర్నార్డ్ షీల్ వారికి అండగా నిలిచినాడు. అలిన్‌స్కీ యూదు కుటుంబంలో పుట్టినవాడు. ఒక యూదుడు చొరవ చేయగా, ఒక బిషప్ చేయూతనీయగా, పరస్పరం పొసగని చర్చిలవారు ఒకచోట కూర్చున్నారు. మరుసటి సంవత్సరమే, అనగా 1940లో, ఇట్టి సంఘాలు కట్టేవారికి తోడ్పడడానికి అలిన్‌స్కీ ‘ఇండస్ట్రియల్ ఏరియాస్ ఫౌండేషన్’ అనే సంస్థను స్థాపించినాడు. బాల్టిమోర్ సంఘం ఆ సంస్థ పరివారంలోనిదే.

ఆ పరివారంలో మరొక ప్రసిద్ధ సంఘం టెక్సాస్ రాష్ట్రంలోని సాన్ ఆంటోనియో నగరంలో 1974లో పుట్టిన ‘కాప్స్’. దానిని నిర్మించిన ఎర్నెస్టో కోర్టెస్ అదే నగరంలో జన్మించినవాడు. మెక్సికన్ సంతతి పేదలు నివసించే పడమటి పేటలలో ఆయన చేసిన మొదటి పని గమనింపదగినది. ఆయన బహిరంగసభ పెట్టలేదు, కరపత్రం వేయలేదు. ఊరి పెద్దమనుషుల జాబితా పట్టుకొని వారి ఇళ్ల చుట్టూ తిరగనూ లేదు. చర్చిలో పండుగ వంటలు ఎవరు చూస్తారు, బడిలో తల్లిదండ్రుల సంఘం ఎవరు నడుపుతారు, ఎవరి మాట పదిమంది వింటారు అని మతగురువులను అడిగి, అట్టివారిని ఒక్కొక్కరిని వేరువేరుగా కలుసుకొని, వారు చెప్పేది విన్నాడు. పెద్ద పెద్ద రాజకీయ సమస్యలు వినిపిస్తాయని ఎవరైనా తలుస్తారు. కాని వారు చెప్పుకొన్న బాధ మురుగుకాలువల గూర్చి. వాన కురిసినదంటే వీధులు ఏరులయ్యేవి, ఇళ్లలోకి నీరు వచ్చేది, పిల్లలు బడికి పోలేకపోయేవారు.

1974 ఆగస్టులో వరద వచ్చినది. సంఘంవారు నగరపాలక దస్తావేజులు తిరగవేసి చూడగా, తమ ప్రాంతంలోని ఒక కాలువకు 1945లోనే అనుమతి లభించినదని తేలినది. 29 సంవత్సరాలు గడచినా అక్కడ పార తగలలేదు. ఆ కాగితం చేతబట్టుకొని వందలాది స్త్రీ పురుషులు నగరసభకు వెళ్లినారు. విన్న మేయరే నివ్వెరపోయినాడట. ఆ సంవత్సరాంతంలోగా మురుగుకాలువల నిర్మాణానికి 4 కోట్ల 60 లక్షల డాలర్లకు పైగా ఋణపత్రాలకు ప్రజలు వోటువేసి ఆమోదం తెలిపినారు. నోటిమాటగా మొరపెట్టుకొంటే ‘చూస్తాములే’ అన్న జవాబు వచ్చేది. దస్తావేజు చూపి అడిగితే జవాబు మారినది. విద్యావంతులు పేదలకు చేయగల సహాయం ఏమిటో ఇక్కడ మా విద్యార్థులు గ్రహించగలరు. కాగితం చదివి చెప్పడం వారి వంతు. ఆ కాగితం పట్టుకొని మాట్లాడడం బాధపడినవారి వంతు.

ఆ సంఘానికి మొదటి అధ్యక్షుడైన ఆండ్రెస్ సరబియా ఒక విమాన స్థావరంలో ఉద్యోగి. ఆయన తరువాత ఆ పదవి చేపట్టినవారిలో బియాట్రిస్ గయెగో మున్నగు స్త్రీలు ఉండడం విశేషం. చర్చి పనులలో, బడి సంఘంలో ఆరితేరిన గృహిణి నగరపాలకుల ఎదుట నిలబడి లెక్కలు అడిగినది. అధ్యక్షుడు మారినాడని సంఘం చెదరిపోలేదు. మన అంజుమన్‌ల స్థితి ఇందుకు భిన్నం. ఒక పెద్దమనిషి చేయి పట్టుకొని లేచిన సంస్థ ఆ పెద్దమనిషి కన్నుమూయగానే కోర్టు మెట్లెక్కుతుంది. లేదా తాళం పడుతుంది. ఆయన గొప్పవాడు కాకపోవడంవలన ఇది జరగడం లేదు. ఆయన ఉన్నన్నాళ్లూ పక్కన మరొకరు మాట్లాడనేర్వకపోవడంవలన జరుగుతున్నది.

అట్లని ఆ సంఘంవారు వినతిపత్రాలతోనే సరిపెట్టుకొన్నారని తలచరాదు. 1975లో వందలమంది ఒక పెద్ద బ్యాంకుకు వెళ్లి, డాలరు నోట్లిచ్చి చిల్లర తీసుకొని, మళ్లీ ఆ చిల్లరనిచ్చి నోట్లు తీసుకొంటూ నిలబడినారు. రాయి విసరలేదు, నినాదంతో గొంతు చించుకోలేదు. బ్యాంకు పని మాత్రం స్తంభించిపోయినది. అంతవరకు కలుసుకొనడానికి తీరికలేని నగర ప్రముఖులకు అప్పుడు తీరిక చిక్కినది.

ఇట్టి సంఘాలన్నింటికీ ఒక కట్టుబాటు ఉన్నది. దానిని వారు ‘ఇనుప నియమం’ అంటారు. ఎదుటివారు తామై చేసుకోగల పనిని వారి బదులు మనం చేసిపెట్టరాదన్నదే ఆ నియమం. వినడానికి ఇది కఠినంగా తోచవచ్చును. ‘పేదవాని పక్షాన మాట్లాడడం తప్పా?’ అని అడుగవచ్చును. మాట్లాడడం తప్పు కాదు. కాని ఎప్పుడూ మనమే మాట్లాడుతుంటే అతని నోరు మూతపడి ఉంటుంది. అడగనిదే అమ్మయినా పెట్టదని మన సామెత. అడగనేర్పడమే ఈ సంఘాల వెనుకనున్న మనుషులు జీవితాంతం చేసిన పని.

ఈ విధానం అట్లాంటిక్ సముద్రం దాటి లండన్ చేరుకోవడం మనకు మరింత ఆసక్తి కలిగించే కథ. నీల్ జేమ్సన్ అనే క్వేకర్ మతస్థుడు బ్రిటన్‌లో ఈ ప్రయత్నానికి నాయకత్వం వహించగా, 1996లో తూర్పు లండన్‌లో ‘టెల్కో’ అనే సంఘం ఆవిర్భవించినది. చర్చిలు, మసీదులు, బడులు, కార్మిక సంఘాలు దాని సభ్యులు. వైట్‌చాపెల్ వీధిలోని ఈస్ట్ లండన్ మసీదు అందులో ప్రముఖ సభ్య సంస్థ. ఆ మసీదుకు మూలమైన నిధిని 1910లో ప్రారంభించినవారు కలకత్తా హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన సయ్యద్ అమీర్ అలీ. ఆ నిధి ధర్మకర్తలలో మార్మడ్యూక్ పిక్తాల్ ఒకరు. హైదరాబాదు చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలకు ప్రధానాచార్యులుగా ఉండి, ఈ గడ్డమీద నివసిస్తున్న కాలంలోనే, 1930లో, ఖురాన్‌కు తమ ఆంగ్లానువాదాన్ని వెలువరించిన పిక్తాల్ సాహెబ్ వీరే. కాబట్టి ఆ మసీదు కథ మనకు పూర్తిగా పరాయిది కాదు.

తూర్పు లండన్ పేదల ప్రాంతం. అక్కడి ముస్లిములలో బంగ్లాదేశ్‌లోని సిల్హట్ ప్రాంతంనుండి వలస వెళ్లిన కుటుంబాలు అధికం. ఆ పేదల ఇళ్ల పక్కనే కానరీ వార్ఫ్ అనే చోట ఆకాశమంటే బ్యాంకు భవనాలు లేచినవి. పగలు వాటిలో కోట్ల వ్యాపారం. రాత్రివేళ వాటి గదులు తుడిచి, మరుగుదొడ్లు కడిగేవారు ఈ పేటలవారే. సంఘంవారు ఇంటింటా విన్నప్పుడు తల్లిదండ్రులు చెప్పిన గోడు ఒక్కటే. ఒక ఉద్యోగంతో ఇల్లు గడవక రెండు ఉద్యోగాలు చేస్తున్నాము, పిల్లల ముఖం చూడడానికి తీరిక లేదు, ప్రార్థనకు తీరిక లేదు అని. ఇట్లు 2001లో జీవన వేతనం కొరకు ఆందోళన మొదలైనది.

బ్యాంకులవారు చెప్పిన జవాబు మన దేశంలోనూ సుపరిచితమే: ‘వారు మా ఉద్యోగులు కారు, కాంట్రాక్టరు మనుషులు. వారి జీతంతో మాకు సంబంధం లేదు.’ సంఘంవారు దీనికి ఒక ఉపాయం పన్నినారు. బ్యాంకు వాటాలు కొన్నారు. వాటాదారునికి సర్వసభ్య సమావేశంలో ప్రశ్నించే హక్కు ఉంటుంది కదా! 2003లో హెచ్.ఎస్.బి.సి. బ్యాంకు సర్వసభ్య సమావేశంలో ఒక స్వచ్ఛతా కార్మికుడు లేచి నిలబడినాడు. బ్యాంకు అధ్యక్షుడు సర్ జాన్ బాండ్ ఉండే భవనాన్నే తాను శుభ్రం చేస్తున్నానని, తనకు ముట్టేది గంటకు 5 పౌండ్లని, దానితో కుటుంబాన్ని ఎట్లు పోషించుకోవాలో చెప్పవలసినదని మర్యాద తప్పక అడిగినాడు. మరుసటి సంవత్సరం, 2004లో, ఆ బ్యాంకు తన భవనంలోని స్వచ్ఛతా కార్మికుల వేతనం, సౌకర్యాలు మెరుగుపరచడానికి అంగీకరించినది. ఆ సమావేశంలో ఒక ఇమామ్ గాని, ఒక బిషప్ గాని లేచి ఆ కార్మికుని పక్షాన ప్రసంగించి ఉంటే అది మంచి ప్రసంగంగా మిగిలేది. ప్రసంగించగలవారు వెనుక కూర్చుండి కార్మికునికి ముందు చోటు విడిచినారు. ఈ కథలో మాకు అన్నిటికంటె గొప్పదిగా తోచిన విషయం ఇదే.

2005 మొదలుకొని లండన్ నగర ప్రభుత్వమే జీవన వేతనం ఎంత ఉండవలెనో లెక్కకట్టి ప్రకటించసాగినది. నాడు మేయరుగా ఉన్న కెన్ లివింగ్‌స్టన్ లేబర్ పార్టీవాడు. ఆయన తరువాత 2008లో వచ్చిన కన్సర్వేటివ్ బోరిస్ జాన్సన్ కూడ ఆ పద్ధతిని కొనసాగించినాడు. ఎన్నికలకు ముందు సంఘంవారు అభ్యర్థులందరినీ ఒకే వేదికమీదికి పిలిచి, అందరినీ ఒకే ప్రశ్న అడుగుతారు. తాము ఎవరినీ అభ్యర్థిగా నిలబెట్టరు. 2011లో ఏర్పడిన ‘లివింగ్ వేజ్ ఫౌండేషన్’ గుర్తింపు పొంది, తమ కార్మికులకు ఈ వేతనం ఇచ్చే యజమానుల సంఖ్య బ్రిటన్‌లో 15,000 దాటినది. 2016లో బ్రిటిష్ ప్రభుత్వం తన కనీస వేతనానికి ఇంచుమించు ఈ పేరే పెట్టుకొన్నది. అయితే పేరు ఎత్తుకొన్నంత సులభంగా మొత్తాన్ని ఎత్తుకోలేదు. సంఘంవారు లెక్కకట్టే వేతనం నేటికీ దానికంటె ఎక్కువే.

మతసంస్థలు ఇట్టి వ్యవహారాలలో తలదూర్చవచ్చునా అని మా పాఠకులలో కొందరు శంకించవచ్చును. పరమతస్థులతో కలిసి కూర్చుంటే మన విశ్వాసం పలుచబడుతుందేమోనని మరికొందరు భయపడవచ్చును. ఈ భయాన్ని మేము తేలికగా కొట్టివేయము. కాని ఆ సంఘాలలో ఎవరూ ఎవరి కలిమానూ మార్చుకొనలేదు. ప్రార్థన ఎవరిది వారిదే. పది మతాలవారు ఏకీభవించలేని విషయాలు పక్కన పెట్టి, ఏకీభవించగల కూలి, ఇల్లు, కాలువ, బడి అనే విషయాలపై కలిసి నడిచినారు. ఈ పద్ధతికి పరిమితి లేకపోలేదు. ఏకాభిప్రాయం కుదరని సమస్య ఎంత ముఖ్యమైనదైనా వెనుకబడిపోతుంది. పని నెమ్మదిగా సాగుతుంది. ఫలితం రావడానికి ఏండ్లు పడుతుంది. కాని కార్మికుని చెమట ఆరకముందే కూలి ముట్టజెప్పవలెనని బోధించిన ప్రవక్తను అనుసరించే మనకు, కూలి గూర్చి మాట్లాడడం మతానికి బయటి పని ఎట్లవుతుంది?

మరొక విషయం కూడ గమనార్హం. ఈ సంఘాలలో సభ్యత్వం వ్యక్తులది కాదు, చర్చిలది, మసీదులది, బడులది. ప్రతి సభ్య సంస్థ చందా కట్టవలెను. తన ఖర్చులో కొంతైనా తానే భరించే సంఘం మాత్రమే ప్రభుత్వాన్ని గాని, ధనికుని గాని ధైర్యంగా ప్రశ్నించగలదు. ఒకరి సొమ్ముతో నడుస్తూ ఆ ఒకరిని ప్రశ్నించడం ఎవరికి సాధ్యం?

ఇక కళాశాలల సంగతి. ఆ మసీదుకు దూరంగా కాక, అదే తూర్పు లండన్‌లో క్వీన్ మేరీ విశ్వవిద్యాలయ కళాశాల ఉన్నది. అక్కడి భూగోళశాస్త్ర ఆచార్యురాలు జేన్ విల్స్ తక్కువ వేతనాలపై పరిశోధన చేసినారు. విద్యార్థులు, అధ్యాపకులు, సంఘం కలిసి తమ కళాశాల గదులు తుడిచేవారి జీతం ఎంత అని అడిగినారు. 2006లో ఆ కళాశాల జీవన వేతనం ఇవ్వడానికి ఒప్పుకొని, బ్రిటన్‌లో అట్టి మొదటి విద్యాప్రాంగణమని పేరు గడించినది. తరువాత కాంట్రాక్టరును తొలగించి, స్వచ్ఛతా కార్మికులను తన సొంత ఉద్యోగులుగా తీసుకొన్నది.

మన కళాశాల కమిటీవారికి మేము సవినయంగా ఒక మాట మనవి చేస్తున్నాము. మన సంస్థకు ప్రాణం పోసినది రాజ్యాంగంలోని 30వ అధికరణం. అల్పసంఖ్యాకులు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొనే హక్కును అది ప్రసాదిస్తున్నది. వార్షికోత్సవ ప్రసంగాలలో దాని ప్రస్తావన రాని సంవత్సరం ఉండదు. అదే రాజ్యాంగంలో 43వ అధికరణం కూడ ఉన్నది. కార్మికులందరికీ జీవన వేతనం లభించేటట్లు రాజ్యం ప్రయత్నించవలెనని ఆదేశిస్తున్నది. బాల్టిమోర్‌వారు 1994లో శాసనంగా చేసుకొన్న భావన మన రాజ్యాంగంలో 1950 నుండీ ఉన్నది. కోర్టుకెక్కి అమలు చేయించుకోగల హక్కు కాకపోయినా అది ఆదర్శం. ఆదర్శాన్ని బోధించే చోటనే అది పాటింపబడకపోతే ఇక ఎక్కడ పాటింపబడుతుంది? మన అటెండర్లు, స్వీపర్లు, ఆయాలు, వాచ్‌మన్‌లు నెలకు ఎంత తీసుకొంటున్నారో, ఆ మొత్తంతో ఒక కుటుంబం ఏ తేదీవరకు గడుస్తుందో కమిటీవారు ఒక సమావేశంలో విషయసూచికలో చేర్చి చర్చించవలెనని మా కోరిక. ఆ సమావేశంలో వారి పక్షాన ఏ లెక్చరరో మాట్లాడడం చాలదు. వారినే పిలిచి, కుర్చీ వేసి కూర్చుండబెట్టి, వారు చెప్పేది వినవలెను.

విద్యార్థినీ విద్యార్థులారా! మీకు ఉద్యమం నడపమని మేము చెప్పడం లేదు. కోర్టెస్ చేసిన మొదటి పని మీ చేతిలోనూ ఉన్నది. మీ వీధిలో, మీ మసీదులో, మీ పక్కింటి చర్చిలో పదిమంది మాట వినే ఒక తల్లినో, ఒక మేస్త్రీనో, ఒక బీడీ కార్మికురాలినో ఎన్నుకొని, అరగంటసేపు కూర్చుండి, ఉపదేశం చేయక వినండి. వినడం వచ్చినవానికే అడగడం వస్తుంది. దుప్పట్ల పంపిణీకి వెళ్లినప్పుడు కూడ దుప్పటి ఇచ్చి ఫోటో దిగి వచ్చేయక, ‘ఏం పని చేస్తారు, ఎంత ఇస్తారు’ అని ఆ ఇంటివారిని అడిగి వ్రాసుకొని రండి. అట్టి వంద ఇళ్ల లెక్క ఒకచోట చేరితే, సాన్ ఆంటోనియోవారికి ఆ పాత కాగితం ఉపయోగపడినట్లే మీకూ ఉపయోగపడుతుంది.

చివరగా సంపాదక వర్గానికి ఒక సూచన. వచ్చే వార్షిక సంచికలో మన ఆయాల గూర్చి, అటెండర్ల గూర్చి మేము గాని, మరొకరు గాని వ్యాసం వ్రాయవద్దు. రెండు పుటలు వారికే కేటాయించండి. వారు ఉర్దూలో చెబితే ఉర్దూ విభాగంలో, తెలుగులో చెబితే తెలుగు విభాగంలో, విద్యార్థులు కూర్చుండి వారి మాటను ఒక్క అక్షరం దిద్దకుండ వ్రాసుకొని, వారి పేరుతోనే అచ్చువేయండి.